ఊరి పేరు ఒక్క గడిలో, కుటుంబాలు ఖాళీ గళ్లలో

2021లో అప్పటి ప్రభుత్వం దళితబంధు పథకాన్ని హుజూరాబాద్ తర్వాత మరో నాలుగు మండలాల్లో అమలు చేయాలని నిర్ణయించింది. చింతకాని, చారగొండ, నిజాంసాగర్‌లతో పాటు సూర్యాపేట జిల్లా తిరుమలగిరి వాటిలో ఉంది. కుటుంబానికి 10 లక్షల రూపాయలు. ఈ డబ్బు ఏ ఊళ్లో ఎవరికి చేరింది, ఎవరికి చేరలేదు అని అడగడం మన హక్కు. అడిగితే ఒక ఎక్సెల్ ఫైలు చేతికొచ్చిందనుకుందాం. అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది.

ఆఫీసుల్లో జాబితా తయారయ్యేది లెక్క కోసం కాదు, ప్రింటు తీసి సంతకం పెట్టడానికి. తొండలో 40 కుటుంబాలుంటే (ఈ అంకె ఉదాహరణకే) ఊరి పేరు నలభై సార్లు ఎవరు రాస్తారు? నలభై గళ్లనూ 'మెర్జ్ అండ్ సెంటర్' నొక్కి ఒకటి చేసి, మధ్యలో 'తొండ' అని పెడతారు. మన కంటికి ఇబ్బంది లేదు. కంప్యూటర్‌కు మాత్రం ఆ పేరు అన్నిటికన్నా పై గడిలోనే ఉంటుంది, కింది 39 ఖాళీ. తొండ అని ఫిల్టర్ పెడితే ఒక్క కుటుంబమే కనిపిస్తుంది. సీఎస్‌వీగా మార్చినా, పైథాన్‌లోకి తీసుకున్నా అంతే. అన్నిటికన్నా ప్రమాదం ఏమిటంటే, చాలాసార్లు ఏ హెచ్చరికా రాదు. తప్పుడు అంకె నిజమైన అంకెలాగే కనిపిస్తుంది.

వర్గీకరణ విషయంలో ఇది ఇంకా లోతుగా తగులుతుంది. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన తెలంగాణ చట్టం 59 ఎస్సీ కులాలను మూడు గ్రూపులు చేసింది: మొదటి గ్రూపులో 15 కులాలకు 1 శాతం, రెండో గ్రూపులో 18 కులాలకు 9 శాతం, మూడో గ్రూపులో 26 కులాలకు 5 శాతం. ఈ పట్టికలో గ్రూపు పేర్లను కలిపేసిన గళ్లలో పెడితే, దిగుమతి అయ్యాక మూడు కులాల పక్కనే గ్రూపు ఉంటుంది. 56 కులాలు ఏ గ్రూపుకూ చెందకుండా పోతాయి. మొదటి గ్రూపు కులాలన్నీ కలిపినా ఎస్సీ జనాభాలో సుమారు 3.3 శాతమే. వాళ్ల వాటా దక్కిందా లేదా అని తేల్చే లెక్కలో నాలుగు వరుసలు జారిపోయినా ఫలితం తారుమారవుతుంది.

సరిచేయడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. ముందు ఫైలుకు కాపీ తీసి, అసలుది ముట్టకుండా పెట్టండి. కాపీలో ఆ నిలువు వరుసను ఎంచుకుని 'అన్‌మెర్జ్ సెల్స్' నొక్కండి. తర్వాత కంట్రోల్, జి నొక్కి 'స్పెషల్'లో 'బ్లాంక్స్' ఎంచుకోండి. సమానం గుర్తు కొట్టి, పై బాణం నొక్కి, కంట్రోల్ పట్టుకుని ఎంటర్ కొట్టండి. ప్రతి ఖాళీ గడిలోకీ దాని పైనున్న పేరు వస్తుంది. చివరగా మొత్తం వరుసను కాపీ చేసి 'పేస్ట్ వాల్యూస్'గా అతికించండి. లేకపోతే తర్వాత సార్టు చేసినప్పుడు ఫార్ములాలు చెదిరి పేర్లు మారిపోతాయి. పైథాన్ వాడేవాళ్లకు పాండాస్‌లో 'ఎఫ్‌ఫిల్' ఇదే పని చేస్తుంది.

ఇక్కడే ఇంకో గుంట ఉంది. అన్ని ఖాళీలూ కలిపేయడం వల్ల వచ్చినవి కావు. ఉపకులం రాయకుండా వదిలేసిన కుటుంబం ఉంటే, కిందికి నింపే పద్ధతి ఆ కుటుంబానికి పై వరుసవాళ్ల కులాన్ని అంటగడుతుంది. ఒకరి గుర్తింపును మనమే మార్చేసినట్టు! అందుకే గళ్లు విడదీయకముందే, కళ్లతో చూసి, నిజంగా ఖాళీగా ఉన్నచోట 'నమోదు కాలేదు' అని రాసుకోండి. పని అయ్యాక ఊరివారీ మొత్తాలను అసలు జాబితా కింద ఉన్న మొత్తంతో సరిచూడండి. రెండంతస్తుల శీర్షికలుంటే, అంటే 'మంజూరు' కింద 'యూనిట్లు', 'మొత్తం' అని విడివిడిగా ఉంటే, వాటిని 'మంజూరు యూనిట్లు', 'మంజూరు మొత్తం' అని ఒకే వరుసలోకి తెచ్చుకోండి.

దరఖాస్తు రాసేటప్పుడే జాగ్రత్తపడితే ఈ శ్రమ సగం తగ్గుతుంది. కంప్యూటర్‌లో ఉన్న సమాచారాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో పొందే హక్కు సమాచార హక్కు చట్టం సెక్షన్ 2(జె)లోనే ఉంది. అడిగిన రూపంలోనే మామూలుగా ఇవ్వాలని సెక్షన్ 7(9) చెబుతుంది, వనరులపై మితిమీరిన భారం పడే సందర్భం తప్ప. కాబట్టి ఇలా రాయండి: "కుటుంబానికి ఒక వరుస చొప్పున, ప్రతి వరుసలో గ్రామం పేరు, ఉపకులం, గ్రూపు ఉండేలా, గళ్లు కలపకుండా, ఎక్సెల్ లేదా సీఎస్‌వీ ఫైలుగా ఇవ్వగలరు." వచ్చిన ఫైల్లో ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లుంటే, వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఆ వరుసలు తీసేయండి.