ఇంటికి తగిన లౌడుస్పీకరు

అమలాపురములో క్రొత్తగా డాబా కట్టుకొన్న ఒక గృహస్థు మంచి సంగీతము వినవలెనను కోరికతో దుకాణమునకు పోయెననుకొందము. ఆంప్లిఫయరు ఆయన యింట ఇదివరకే యున్నది. ఇక కావలసినవి స్పీకర్లు. నేలమీద నిలిచి ఛాతీయెత్తు వచ్చు ఒక జతపై ‘200 వాట్లు’ అని యుండుట చూచి, వాట్లు హెచ్చైన ధ్వనియు హెచ్చునని తలచి వానిని కొనును. తీరా యింటికి తెచ్చిన తరువాత పాట బొంగురుగా వినబడును. కొంతసేపటికి ఆంప్లిఫయరు వేడెక్కి ఆగిపోవును. ఇందు స్పీకరు తప్పు లేదు, ఆంప్లిఫయరు తప్పును లేదు. ఆ రెండును, వానితోపాటు గదియు, ఒకదానితో నొకటి పొసగలేదు.

లౌడుస్పీకరు పనిచేయు తీరు కష్టమైనది కాదు. అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన రైస్, కెల్లాగ్ అనువారు 1925లో ప్రకటించిన పద్ధతియే నేటికిని వాడుకలో నున్నది. అయస్కాంత ధ్రువముల నడుమ ఒక సన్నని తీగచుట్ట, దానికి అతికిన కాగితపు శంకువు ఉండును. చుట్టలో విద్యుత్ప్రవాహము దిశ మారినకొలది శంకువు ముందువెనుకలకు కదలి గాలిని కదల్చును. మంద్రస్వరములకు చాల గాలిని కదల్చవలెను గనుక పెద్ద శంకువు, పెద్ద పెట్టె కావలెను. నిలువు స్పీకర్లు పుట్టినది ఇందుకే. వానిలో పెక్కింటికి ఒక గొట్టమువంటి రంధ్రముండును. ఖాళీ సీసా మూతిపై ఊదినపుడు మ్రోత వచ్చునట్లే, ఆ గొట్టములోని గాలి అనునాదము చెంది మంద్రస్వరమునకు బలమిచ్చును.

స్పీకరుపై వ్రాసిన వాట్లు అది తట్టుకొనగల శక్తిని తెలుపును గాని, అది యిచ్చు ధ్వనిని కాదు. ధ్వనిని తెలుపునది సున్నితత్వము, అనగా 1 వాటు శక్తినిచ్చినపుడు 1 మీటరు దూరమున ఎన్ని డెసిబెళ్లు వచ్చుననునది. 90 డెసిబెళ్ల స్పీకరు 1 వాటుతో చేయు పనిని 87 డెసిబెళ్లది చేయుటకు 2 వాట్లు, 84 డెసిబెళ్లది చేయుటకు 4 వాట్లు కావలెను. చెవికి ధ్వని రెట్టింపైనట్లు తోచుటకు సుమారు 10 డెసిబెళ్లు పెరుగవలెను. అందుకు శక్తి 10 రెట్లు కావలెను. కావున 50 వాట్ల ఆంప్లిఫయరు తీసివేసి 100 వాట్లది కొన్నవానికి దక్కునది 3 డెసిబెళ్లే. ఈ లెక్క తెలిసిన విద్యార్థి తండ్రికి కొంత సొమ్ము మిగిల్చగలడు.

తరువాత చూడవలసినది అవరోధము. దీనిని ఓములలో చెప్పుదురు. ఆంప్లిఫయరు 20 వోల్టుల నిచ్చినపుడు 8 ఓముల స్పీకరు 2.5 ఆంపియర్లు లాగును. 4 ఓములదైన 5 ఆంపియర్లు లాగును. నిలువు స్పీకరులో తరచుగా రెండు మంద్రస్వరపు శంకువులుండును. 8 ఓముల చుట్టలు రెంటిని సమాంతరముగా కలిపిన మిగులునది 4 ఓములే గదా! పైగా అవరోధము పౌనఃపున్యముతో మారుచుండును. 8 ఓములని చెప్పబడినదియు కొన్ని స్వరములయొద్ద 4 వరకు దిగవచ్చును. ఆంప్లిఫయరు వెనుక ‘6 నుండి 16 ఓములు’ అని యున్నచో 4 ఓముల స్పీకరు దానికి తగదు. మన గృహస్థుకు జరిగినది ఇదే.

చిన్న ఆంప్లిఫయరు పెద్ద స్పీకరును పాడుచేయజాలదని పలువురి నమ్మకము. అది నిజము కాదు. శక్తికి మించి ధ్వనిని పెంచినపుడు ఆంప్లిఫయరు తరంగ శిఖరములను అందుకొనలేక వానిని బల్లపరుపుగా తెగగొట్టును. అట్లు తెగిన తరంగమునుండి అసలు పాటలో లేని హెచ్చు పౌనఃపున్యములు పుట్టును. అవి తారస్వరపు చిన్న స్పీకరులోనికి పోయి దాని సన్నని తీగచుట్టను మాడ్చగలవు.

ఇక గది. కోనసీమ పాత మండువా లోగిళ్లలో ధ్వని నడిమి వాకిటినుండి ఆకాశమునకు పోవును. అట్టిచోట పెద్ద స్పీకరుకు పని యున్నది. సిమెంటు గోడల 12 అడుగుల చదరపు గది వేరు. వేడిగాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 350 మీటర్లు. గోడకు గోడకు నడుమ ఇమిడెడి మొదటి స్థిర తరంగము తరంగదైర్ఘ్యము 24 అడుగులు, అనగా పౌనఃపున్యము సుమారు 48 హెర్ట్జ్. పొడవు, వెడల్పు సమానమగుటచే రెండు దిశలలోను అదే స్వరము ఉబ్బును. కొబ్బరిపీచు చాపలు పరచిన పై స్వరముల గలగల తగ్గును గాని ఈ మ్రోత తగ్గదు.

రాజోలు ప్రాంతమునందలి శంకరగుప్తములో 1930లో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గానము వినగోరువారికి ఇంత లోతైన స్వరములతో పని తక్కువ. పురుషుని గాత్రము 80 హెర్ట్జ్ దిగువకు పోవుట అరుదు. తంబురా మంద్ర షడ్జము సైతము 65, 70 హెర్ట్జ్ ప్రాంతమున నుండును. చిన్న గదిలో బల్లపై నుంచిన చిన్న జతయే మేలు. నిలువు జతయే కావలెనన్నచో, రంధ్రము వెనుక నున్నదానిని గోడకు రెండడుగుల దూరమున నుంచవలెను, మూలకు చేర్చరాదు.

గోదావరి పాయల నడుమనున్న ఈ తేమ నేలలో మరియొక జాగ్రత్త అవసరము. శంకువు అంచున నుండు పట్టీ నురుగుదైన కొన్నియేండ్లకు తేమచే పొడియై రాలును. రబ్బరుదైన చాలకాలము నిలుచును.

గది స్వభావమును పాఠశాల విద్యార్థియే పరీక్షింపవచ్చును. ఫోనులో 48 హెర్ట్జ్ స్వరమును పుట్టించి, ఆంప్లిఫయరు ద్వారా స్పీకరుకు మెల్లగా పంపి, గోడనుండి గది నడిమికి నడువవలెను. గోడవద్ద మ్రోగిన స్వరము నడుమ దాదాపు మాయమగును. అవతలి గోడను సమీపించినకొలది మరల పెరుగును. కుర్చీ వేయుట గోడవద్దను, సరిగా నడిమిని గాక, ఆ రెంటి మధ్యనే.