పాత జూమ్ లెన్సు – డిజిటల్ కెమేరా

తంబళ్లపల్లె నుండి మల్లయ్యకొండను ఫోటో తీయగోరువారికి జూమ్ లెన్సు మంచి సాధనము. ఫిలిం రోజులలో కొన్న ఆటోఫోకస్ జూమ్ బీరువాలో నున్నచో, దానిని డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. కెమేరాకు వాడవచ్చునా? వాడవచ్చును; కాని ఫోకస్ త్రిప్పు మోటారు ఎచ్చట నున్నదో ముందు తెలిసికొనవలెను.

1985లో మినోల్టా 7000, 1986లో నికాన్ ఎఫ్-501 వెలువడినవి. వీనిలో మోటారు కెమేరాయందే యుండి, చిన్న ఇరుసు ద్వారా లెన్సును త్రిప్పెడిది. 1987 నాటి కానన్ ఇ.ఓ.ఎస్. పద్ధతిలో మోటారు లెన్సులోనే కలదు. కావున కానన్ వారి పాత ఇ.ఎఫ్. లెన్సులు ఆ సంస్థ డిజిటల్ ఎస్.ఎల్.ఆర్.లపై చక్కగా పనిచేయును. మినోల్టావి సోనీ ఆల్ఫా ఎస్.ఎల్.ఆర్.లకు అమరును.

సెకండ్‌హ్యాండ్ నికాన్ కొనువారు మాత్రము జాగ్రత్త వహింపవలెను. డి90, డి7000 కెమేరాలలో మోటారు కలదు. డి40, డి3000, డి5000 లలో లేదు. వీనిపై పాత లెన్సును చేతితో త్రిప్పుకొనవలెను. ఫోకస్ కుదిరినపుడు కన్ను ఆనించి చూచు కిటికీలో ఆకుపచ్చ చుక్క వెలుగును.

ఇందు పేర్కొన్న నికాన్ డిజిటల్ కెమేరాల సెన్సారు ఫిలిం చట్రము కంటె చిన్నది. అందుచే 70-210 మిల్లీమీటర్ల జూమ్ 105-315 వలె చూపును. కొండ దగ్గరగును గాని, పెండ్లిపందిరి యంతయు ఇముడుటకు వెనుకకు నడువవలసివచ్చును.

లెన్సును దీపమున కెదురుగా పట్టి, లోపల బూజు లేదని చూచుకొనుడు. పిమ్మట దానిని అంగడికి తీసికొనిపోయి, కొనదలచిన కెమేరాకే తగిలించి చూచి, సొమ్ము చెల్లింపుడు.