కాలువ గట్టెక్కే ముందు బ్రేకు చూసుకోండి

దమ్ము చేసిన ట్రాక్టరే ధాన్యం తోలుతుంది. సార్వా నాట్ల వేళ బురదలో తిరిగిన బండికే, కోతలు కాగానే ట్రక్కు తగిలించి బస్తాలు ఎక్కిస్తాం. మధ్యలో ఇంజనాయిలు మారుస్తాం, టైర్లకు గాలి కొట్టిస్తాం. బ్రేకుల సంగతి మాత్రం చాలామందికి గుర్తుకు రాదు. గోదావరి డెల్టాలో చాలా గ్రామాలకు కాలువ గట్టే రోడ్డు. ఒకవైపు నీళ్లు, మరోవైపు పల్లపు చేలు. అక్కడ బ్రేకు పట్టకపోతే తప్పుకోవడానికి చోటుండదు.

బరువు ఎంత? బ్రేకు ఎంత?

75 కిలోల బస్తాలు 60 ఎక్కిస్తే 45 క్వింటాళ్లు. ట్రక్కు బరువు దీనికి అదనం. లాగే ట్రాక్టరు సుమారు 20 క్వింటాళ్లు. చాలా ట్రాక్టర్లలో బ్రేకులుండేది వెనక చక్రాలకే. ట్రక్కులకైతే చాలావాటికి అసలు బ్రేకే ఉండదు. అంటే ట్రాక్టరు తనను తాను ఆపుకోవడమే కాక, తనకు రెండింతలకు మించిన బరువును కూడా ఆపాలి. గట్టిగా బ్రేకు వేస్తే వెనకనున్న ట్రక్కు ముందుకు తోస్తుంది. కొక్కెం దగ్గర బండి మెలి తిరిగి ట్రాక్టరు అడ్డం పడుతుంది. వేగం రెట్టింపయితే బండి ఆగడానికి పట్టే దూరం నాలుగింతలవుతుందని మరవకూడదు.

రెండు పెడళ్లకూ గొళ్లెం

ట్రాక్టరుకు కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి, రెండు బ్రేకు పెడళ్లుంటాయి. చేలో మలుపు తిప్పేటప్పుడు ఒక్కదాన్నే తొక్కడానికి ఈ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు ఆ రెండింటినీ కలిపే గొళ్లెం తప్పక వేయాలి. వేయకుండా వేగంలో ఒక్క పెడలే తొక్కితే బండి ఆ పక్కకు గిర్రున తిరిగి బోల్తా పడుతుంది. పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇది.

బురద చేసే చేటు

పాత రకం బ్రేకుల్లోకి బురదనీరు చేరితే లైనింగు తడిసి పట్టు తప్పుతుంది. ఇసుక రేణువులు డ్రమ్మును గీరి పాడు చేస్తాయి. బండిని తడితోనే కొన్నాళ్లు నిలిపేస్తే తుప్పు పట్టి షూలు బిగుసుకుపోతాయి. అందుకే పొలంలోంచి వచ్చాక చక్రాల చుట్టూ మంచినీటితో కడగాలి. ఖాళీ దారిలో నెమ్మదిగా నడుపుతూ పెడలును కొద్దికొద్దిగా నాలుగైదుసార్లు తొక్కితే ఆ వేడికి తడి ఆరుతుంది. తీర గ్రామాల్లో పడవలను ట్రక్కు మీద నీటి అంచు దాకా దింపేవారు ఈ పని అదే రోజు చేయాలి. ఉప్పునీరు ఇనుమును త్వరగా తినేస్తుంది.

కొత్త రకం ట్రాక్టర్లలో బ్రేకులు ఆయిల్లోనే మునిగి ఉంటాయి. వీటికి బురద బెడద తక్కువ. అయితే ఆయిలు మట్టం చూస్తుండాలి. ఆయిలు పాలలా తెల్లబడితే నీరు చేరినట్టే. వెంటనే మార్పించాలి.

ఇంటి దగ్గరే పరీక్ష

గొళ్లెం వేసి, ట్రక్కు తగిలించకుండా, చదునైన ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి బ్రేకు వేయండి. బండి నేరుగా ఆగాలి. ఒక పక్కకు లాగితే రెండు బ్రేకులూ సమానంగా లేవన్నమాట. కొంతదూరం నడిపాక రెండు డ్రమ్ముల దగ్గరికీ చెయ్యి తీసుకెళ్లి చూడండి, తాకవద్దు. ఒకటి బాగా వేడిగా ఉంటే అక్కడ షూ వదలడం లేదు. చక్రం లోపలివైపు ఆయిలు జిడ్డు కనిపిస్తే సీలు పోయినట్టు. సీలుతోపాటు ఆయిలు పీల్చిన లైనింగూ మార్చాలి. దాన్ని కాల్చి, గీకి మళ్లీ వేస్తే నిలవదు. లైనింగు రెండు పక్కలా ఒకేసారి మార్పించుకోవాలి. పాత లైనింగు దుమ్ములో ఆస్బెస్టాసు ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేటు. గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవాలి. హైడ్రాలిక్ బ్రేకు పెడలు మెత్తగా దిగితే లోపల గాలి చేరిందని అర్థం. మెకానిక్కు చేత గాలి తీయించాలి.

ట్రక్కుకూ బ్రేకు

కొత్త ట్రక్కు కట్టించేవారు బ్రేకులతోనే కట్టించుకోవడం మేలు. ట్రాక్టరు నెమ్మదించగానే ట్రక్కు తోసే బలంతోనే పట్టే బ్రేకులున్నాయి. పెడలుతో పనిచేసేవీ ఉన్నాయి. నిలిపినప్పుడు మాత్రం బ్రేకును నమ్ముకోక చక్రాలకు చెక్కదుంగ అడ్డు పెట్టాలి.

వంతెన దిగేటప్పుడు డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్ చేయవద్దు. క్లచ్చి తొక్కి ఉంచవద్దు. దిగకముందే తక్కువ గేరులోకి మార్చుకుంటే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

2018లో నల్లగొండ, యాదాద్రి జిల్లాల్లో కూలీలతో వెళుతున్న ట్రాక్టర్లు కాలువల్లో పడి ఎందరో మహిళలు చనిపోయారు. కారణం ఏదైనా, నీళ్లలో తిరగబడ్డ ట్రక్కు కింద నుంచి బయటపడడం కష్టం. ట్రక్కు ధాన్యానికే గాని మనుషులకు కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కంటే, కోతలు మొదలయ్యేలోగా ఒక పూట బండిని మెకానిక్కుకు చూపించడం మంచిది. ఆ ఒక్క పూటకు అదను దాటిపోదు.