దివాలి (రిడిమ్ ఆల్బమ్)

దివాలి 2002లో విడుదలైన డ్యాన్స్‌హాల్ పాటల సంపుటం. లండన్‌కు చెందిన గ్రీన్‌స్లీవ్స్ సంస్థ తన రిథమ్ ఆల్బమ్‌ల వరుసలో 27వదిగా దీనిని వెలువరించినది. ఇందులో గాయకులు అనేకులు, పాటలు వేర్వేరు. కాని అన్నిటి వెనుక వినిపించే వాద్యసంగీతం ఒక్కటే. దానిని కూర్చినవాడు జమైకాకు చెందిన కీబోర్డు వాద్యకారుడు, నిర్మాత స్టీవెన్ 'లెంకీ' మార్స్‌డెన్.

రిడిమ్ అంటే ఏమిటి

రిథమ్ అనే ఆంగ్ల పదానికి జమైకా ఉచ్చారణ రిడిమ్. అర్థం మాత్రం లయకు పరిమితం కాదు. డ్రమ్ములు, బాస్, ఇతర వాద్యాలు కలిసి, గాత్రం లేకుండా సిద్ధమైన సంగీతాన్ని అక్కడ రిడిమ్ అంటారు. మన పేరడీ పాటలో వరుస అదే ఉండి మాటలు మారుతాయి. రిడిమ్‌లో వాద్యసంగీతం అదే ఉండి వరుస, మాటలు రెండూ మారుతాయి. నిర్మాత ఒకే రిడిమ్‌ను పలువురు గాయకులకు ఇచ్చి పాడిస్తాడు. నృత్యశాలలో రికార్డులు వేసే వ్యక్తి ఆ పాటలను లయ తెగకుండా ఒకదాని వెంట ఒకటి వినిపిస్తాడు. కాళ్ళు ఆగవు, గొంతులు మారుతుంటాయి. ఇంట్లో కూర్చుని మొత్తం సంపుటాన్ని ఒకేసారి వినడం కొత్తవారికి కొంత విసుగే.

ఈ పద్ధతి పాతదే. రూపీ ఎడ్వర్డ్స్ 1974లో వెలువరించిన యమహా స్కాంక్ ఒకే రిడిమ్‌పై నడిచిన తొలి సంపుటాలలో ఒకటి. 1985 నాటి స్లెంగ్ టెంగ్ రిడిమ్ కాసియో కీబోర్డు నుండి పుట్టినది.

సంగీతం, పాటలు

దివాలిని మొదటి క్షణంలోనే పట్టి ఇచ్చేవి దాని చప్పట్లు. సమానమైన అంతరాలతో కాక ఎగిరి పడుతున్నట్లుండే ఈ చప్పట్ల మీదే రిడిమ్ అంతా నడుస్తుంది. వాటిపై షాన్ పాల్ 'గెట్ బిజీ' అని నృత్యానికి పిలిచాడు; వేన్ వండర్ 'నో లెటింగ్ గో' అనే మృదువైన ప్రేమగీతం పాడాడు; బౌంటీ కిల్లర్ 'సఫరర్'లో పేదవాని కష్టాలు చెప్పాడు. ఒకే చప్పట్లు మూడు చోట్ల మూడు విధాలుగా తోచడమే ఈ రిడిమ్ గొప్పదనం.

'గెట్ బిజీ' 2003లో అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో మూడు వారాలు ప్రథమ స్థానంలో నిలిచినది. అదే సంవత్సరం న్యూయార్క్ గాయని లుమిడీ ఇదే రిడిమ్‌పై పాడిన 'నెవర్ లీవ్ యు' మూడవ స్థానానికి చేరినది. శ్రోతలకు గుర్తుండేవి గాయకుల పేర్లే. అయినా 'గెట్ బిజీ' రచయితలలో షాన్ పాల్‌తో పాటు మార్స్‌డెన్ పేరు కూడా ఉన్నది. వాద్యసంగీతం కూర్చడమూ పాట రాయడంలో భాగమే అన్నమాట.

పేరు

పేరు హిందువుల దీపావళిదే అయినా పైన చెప్పిన పాటలలో పండుగ ప్రస్తావన లేదు. జమైకాకు భారతదేశంతో సంబంధం మాత్రం పాతది: 1845 నుండి 1917 వరకు సుమారు 36,000 మంది భారతీయులు ఒప్పంద కార్మికులుగా అక్కడికి చేరారు. వారి సంతతిని ఉద్దేశించి అక్కడ వాడే 'కూలీ' అనే మాట, తెలుగులో వలె పనిచేసేవానికి పేరు కాదు, కించపరిచే మాట. దివాలి తరువాత కొద్దికాలానికే కోర్డెల్ 'స్కాటా' బరెల్ కూర్చిన మరొక ప్రసిద్ధ రిడిమ్ పేరు 'కూలీ డాన్స్'. 2004లో నీనా స్కై పాడిన 'మూవ్ యా బాడీ' దానిపైనే నడుస్తుంది.