కడుపు తనను తాను ఎందుకు అరిగించుకోదు?

ఎనిమిదో తరగతిలో జీర్ణవ్యవస్థ పాఠం జరుగుతుంటే లేచి అడిగాను: "సార్, హాస్టల్లో ఆదివారం పెట్టే కోడికూరను కడుపు అరిగిస్తుంది కదా. కడుపు కూడా మాంసమే కదా, మరి అదెందుకు అరిగిపోదు?" క్లాసంతా నవ్వారు. సార్ నవ్వలేదు. "లోపల జిగురు పొర ఉంటుందిరా, శ్లేష్మం అంటారు. ఒక మార్కు ప్రశ్న, రాసుకో" అన్నారు. రాసుకున్నాను. ఆ ఒక్క మార్కు విలువ డిగ్రీ రెండో సంవత్సరంలో గాని తెలియలేదు.

మా అమ్మ నాట్లకు పోతుంది. రోజంతా వంగి ఉండడంతో నడుము నొప్పి. ఊళ్లో అందరూ వేసుకునే నొప్పి బిళ్ళే ఆమె కూడా పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకునేది. ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి పోతే మనిషి పాలిపోయి ఉంది. నాలుగడుగులేస్తే ఆయాసం. విరేచనం తారులాగా నల్లగా అవుతోందని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. పెద్దాసుపత్రిలో గొట్టం వేసి చూసి, కడుపులో పుండు పడి రక్తం కారుతోందన్నారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఆమ్లం తగిలిన రక్తం నల్లబడుతుంది, అందుకే ఆ రంగు.

మన జీర్ణాశయం రోజుకు సుమారు లీటరున్నర నుండి రెండు లీటర్ల జఠర రసం ఊరుస్తుంది. అందులో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, మాంసకృత్తులను ముక్కలు చేసే పెప్సిన్ ఉంటాయి. ఆ రసం పి.హెచ్. విలువ 1 నుండి 2 వరకు ఉంటుంది. జిగురు పొర కింద, గోడ కణాల దగ్గర మాత్రం దాదాపు 7. అంటే మిల్లీమీటరు కూడా మందం లేని పొరకు ఇటూ అటూ ఆమ్లత్వంలో లక్ష రెట్ల తేడా!

ఈ పొరలో ఎక్కువ భాగం నీరే. దాన్ని పట్టి ఉంచేవి మ్యూసిన్ అనే మాంసకృత్తులు. వాటి నిండా చక్కెర గొలుసులు వేలాడుతూ నీటిని పీల్చుకుని జిగురుగా ఉబ్బుతాయి. పెప్సిన్ అందులోంచి తొందరగా దూరి పోలేదు. గోడ కణాలు ఆ జిగురు కింద బైకార్బొనేటును వదులుతాయి. లోపలికి జారిన ఆమ్లం అక్కడే విరిగిపోతుంది. పైన అరిగిపోయిన జిగురుకు బదులు కింద కొత్తది ఊరుతూనే ఉంటుంది.

జిగురూ బైకార్బొనేటూ సరిగా ఊరడానికి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు కావాలి. నొప్పి, వాపు కలిగించడంలో కూడా వీటి చేయి ఉంది. ఆస్పిరిన్ వంటి మందులు వీటి తయారీని ఆపి నొప్పి తగ్గిస్తాయని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో నోబెల్ పొందాడు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ చేసేదీ అదే పని. నడుముకు మేలు, కడుపుకు కీడు. అన్నం తిని వేసుకుంటే ఏమీ కాదని మా ఊళ్లో ధీమా. మంట కొంత తగ్గొచ్చు గాని, రక్తంలో కలిసిన మందు తిరిగి కడుపు గోడకే చేరుతుంది కదా!

ఇక కారం తింటేనే అల్సర్ వస్తుందనే మాట. చాలా పుండ్లకు కారణం హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. అది అమ్మోనియా తయారుచేసి చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచి, జిగురును పల్చబరచి, మరమేకులా మెలికలు తిరుగుతూ లోపలికి పోతుంది. ఆస్ట్రేలియా డాక్టరు బ్యారీ మార్షల్ మాట ఎవరూ నమ్మకపోతే 1984లో ఆ బాక్టీరియాను తానే తాగి జబ్బు తెచ్చుకున్నాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇంత మొండిపట్టు నాకు లేదులెండి.

అమ్మకు ఆ బాక్టీరియా లేదని తేలింది. బిళ్ళ మాన్పించి, ఆమ్లం తగ్గించే మాత్రలు ఎనిమిది వారాలు ఇచ్చారు. ఆమ్లం పోటు తగ్గితే పక్క కణాలు పాకి పుండును కప్పేస్తాయి. ఇప్పుడు నడుము నొప్పికి వేడి కాపడం, మరీ ఎక్కువైతే డాక్టరు రాసిచ్చిన పారాసెటమాల్.

ఇదంతా అమ్మకు చెబితే శ్రద్ధగా విని, "జిగురంటే ముక్కులో కారేదేనా?" అంది. దాదాపు అదేనమ్మా, రెండు చోట్లా ఉండేది ఒకే రకం మ్యూసిన్ అన్నాను.

"ఛీ, దానికా ఇంత చదువు!" అంది.