టేకు మొద్దులో వానల లెక్క

వినుకొండ, పల్నాడు ప్రాంతములందు పెద్దలు కరువులను సంవత్సరముల పేర్లతోనే చెప్పుకొనెడివారు. 1832-33 నాటిది నందన కరువు. 1876-78 నాటిది ధాత కరువు. పేర్లు నిలిచినవి. కాని నందనకు ముందు నూరేండ్లలో ఏ యేట వాన చాలినదో, ఏ యేట తప్పినదో కొలిచి వ్రాసిపెట్టినవారు మన పల్లెలందు లేరు. అట్టి లెక్కను తన మేనిలో దాచుకొనగల సాక్షి పడమటి నల్లమలలో ఉన్నది. అది టేకు చెట్టు.

చింత, మర్రి వంటి చెట్లను కోసి చూచినచో చుట్లు తేటగా కనబడవు. టేకు అట్లు కాదు. వేసవిలో ఆకు రాల్చి ఊరకుండును. తొలకరి పడగానే చిగిర్చి, బెరడు క్రింద కొత్త కొయ్యను పెంచుకొనును. మొదట వచ్చు కొయ్యలో నీటిని మోయు పెద్ద రంధ్రములుండును. పిమ్మట వచ్చునది గట్టిది. రంధ్రముల వరుస మరల కనబడినదనగా మరుసటి యేడు మొదలైనదన్న మాట. తడి చాలిన యేట చుట్టు వెడల్పు, చాలని యేట సన్నము. మొద్దు కోయు వడ్రంగికి ఈ చుట్లు కొత్తవి కావు.

అయినను ఒక్క మొద్దును చూచి తీర్పు చెప్పరాదు. పురుగు ఆకు తిన్నను, ప్రక్క చెట్టు నీడ క్రమ్మినను చుట్టు సన్నగిల్లును. వానల నడుమ దీర్ఘమైన బెట్ట వచ్చి మరల తడి తగిలినచో, ఒకే యేట రెండు చుట్లు కనబడి లెక్క తప్పించును. అందుచేత అనేక వృక్షములనుండి, చెట్టు చావకుండ, బోలు బరమాతో పెన్సిలంత పుల్లను తీసి, సన్నము వెడల్పుల వరుసను ఒకదానితో నొకటి సరిపోల్చెదరు. ఈ పద్ధతిని ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో అమెరికాలో డగ్లస్ అను ఖగోళ శాస్త్రజ్ఞుడు నెలకొల్పెను. పూనాలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థకు చెందిన పరిశోధకులు కేరళ టేకు చెట్లనుండి 1481 మొదలు 2003 వరకు, 523 యేండ్ల వరుసను కూర్చి 2010లో ప్రకటించిరి. పసిఫిక్ సముద్రము వేడెక్కి మన ఋతుపవనములు బలహీనమైన ఎల్ నినో యేండ్లు పెక్కింటిలో అందలి చుట్టు సన్నమే.

సన్నని చుట్టు ఎల్లచోట్ల అనావృష్టినే తెలుపునా? తెలుపదు. ఏది కొరతయో దానినే తెలుపును. ఉత్తర ధ్రువ ప్రాంతమున పెద్ద చెట్లు ఎదుగవు. నేలబారు పొదలే యుండును. అచ్చటి విల్లో పొద బొటనవ్రేలంత కాండముతోనే నూరేండ్లు దాటి బ్రతుకగలదు. దాని చుట్లను సూక్ష్మదర్శినితో లెక్కింపవలెను; గడ్డుయేట కాండపు మొదట చుట్టే పడకపోవుటయు కలదు. అచ్చట కొరత వెచ్చదనము. కొద్ది వారముల వేసవి వెచ్చగా నున్నచో చుట్టు వెడల్పు. మనకు వేడిమికి కొదువ లేదు గదా! అయితే ఇటీవలి దశాబ్దములలో పశ్చిమ గ్రీన్లాండున కొన్నిచోట్ల, వేసవి వేడెక్కినను పొదల చుట్లు సన్నగిల్లినవి. నేలలో తడి చాలలేదు. మంచుసీమ పొదయు మన టేకువలె నీటి కొరతను వ్రాయ మొదలిడినది.

కొట్టివేతల వలన ముదురు టేకు అడవిలో అరుదైనది. అందుచేత పాత యిండ్ల దూలములు, స్తంభములు విలువైనవి. ఇల్లు విప్పునప్పుడు వానిని పొయ్యిలో పెట్టుటకో, చిత్రిక పట్టుటకో ముందు, కొసనుండి అంగుళము మందపు బిళ్ళను కోయించి, ఇల్లు కట్టిన యేడు, కలప తెచ్చిన అడవి దానిపై వ్రాసి దాచవలెను. బెరడు అంటియున్న ముక్క మేలు. పైచుట్లు చెక్కివేసినచో చెట్టును కొట్టిన యేడు చెప్పుట కష్టము. కలప ఎచ్చటిదో విచారించుట మరువరాదు. రంగూన్ టేకైనచో అది బర్మా వానల లెక్కయే గాని వినుకొండది కాదు.