అంజీర్ చెట్టుకు ఎరువు పోసే ముందు కొమ్మ కొలువాలె

‘చెట్టు గోడ దాటింది. ఆకులు చేటంత ఉన్నయ్. కాయ మాత్రం ఒక్కటి లేదు.’ ఇంటి పెరట్ల అంజీర్ పెట్టుకున్నోళ్లల్ల చానామంది చెప్పే మాట ఇదే. ఆ తర్వాత ఏమైతదో కూడా ఎరుకే. దుకాణానికి పోతే ఓ మందు డబ్బా చేతుల పెడ్తరు. అది సాల్తలేదని పిడికెడు యూరియా. మళ్ల ఆకే వస్తది. రెండేండ్లు చూసి, గొడ్డు చెట్టని మొదలుకాడికి కొట్టేస్తరు. నిజానికి చెట్టుల దోషం లేదు. తిండి ఎక్కువై అది కాయ సంగతే మరిచింది.

బలమంతా ఆకుకే

వంద గ్రాముల యూరియాల 46 గ్రాముల నత్రజని ఉంటది. నత్రజని పనే ఆకును, కొమ్మను పెంచుడు. ఆకుకూరకైతే అదే కావాలె. అంజీర్‌కు అట్ల కాదు. పశ్చిమాసియా, మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాళ్ల నేలల్ల, సున్నపు మట్టిల, తక్కువ వానల బతకనేర్చిన చెట్టు ఇది. వేర్లు లోతుకన్నా పక్కలకు ఎక్కువ పాకి, దూరం నుంచి తిండి గుంజుకుంటయ్. పెరట్ల పక్కపొంటి పూల చెట్లకు వేసిన ఎరువుల కూడా దీనికి వాటా దొరుకుతది.

అంజీర్ కాయ ఎక్కువగా కొత్త కొమ్మకు, ఆకు మొదట్ల పుడ్తది. అందుకే కొత్త ఇగురు రాకపోతే కాయ లేదు. ఇగురు విపరీతంగ ఉరికినా కాయ లేదు. ఆకుకు ఆకుకు నడుమ సందు పెరిగి, పిందెలు తక్కువైతయ్. వచ్చిన పిందెలు కూడా పండక గట్టిగనే ఉండిపోతయ్.

మరి ఎట్ల తెలుసుకోవాలె? నేలల ఉన్న చెట్టుకు ఓ లెక్క ఉంది. పోయిన ఏడాది కొత్తగ వచ్చిన కొమ్మను కొలువాలె. అడుగు నుంచి మూరెడు పెరిగితే చెట్టుకు తిండి సరిపోయినట్టే. ఏమీ వెయ్యొద్దు. అడుగుకు తక్కువుండి, ఆకు పసుపుబారితే ఎరువు కావాలె. రెండు మూరలు దాటితే ఆ ఏడాది ఎరువు బంద్ పెట్టాలె. గట్టిగ కత్తిరించిన చెట్టుకు ఈ లెక్క వర్తించదు. అది పోయిన కొమ్మల తావున ఎట్లయినా జోరుగ ఇగురిస్తది.

ఇంకోటి, నీడల ఉన్న చెట్టుకు ఎంత ఎరువేసినా దండుగే. రోజుకు ఆరు గంటలన్నా ఎండ పడాలె.

ఏం వెయ్యాలె, ఎప్పుడు వెయ్యాలె

నేలల మూడేండ్లు దాటిన చెట్టుకు, అవసరమని తేలితే, ఏడాదికోసారి రెండు తట్టల చివికిన పెండ ఎరువు, అర కిలో యాప పిండి చాలు. మొదలుకు ఆనించి పొయ్యొద్దు. కొమ్మల నీడ పడే అంచు పొంటి మట్టిల కలపాలె. పచ్చి పెండ అసలే వద్దు, దాంతోని వేరుపురుగు వస్తది. యాప పిండి ఎందుకంటే, నేలల ఉండే నులిపురుగు అంజీర్ వేర్లకు పెద్ద శత్రువు. వేర్లు బుడిపెలు కట్టి, ఎంత పెట్టినా చెట్టు గుంజుకోలేదు. పాదు చుట్టూ బంతి మొక్కలు పెట్టినా కొంత ఆగుతది.

కుండీల చెట్టు సంగతి వేరు. పోసిన నీళ్లతోని సారం అడుగు బొక్కల నుంచి కారిపోతది. అందుకే ఇగురు పెట్టే కాలంల నెలకోసారి రెండు పిడికిళ్ల వర్మీకంపోస్టు వెయ్యాలె. ఒక్కపారే గుమ్మరిస్తే ఫాయిదా లేదు. ఆకు రాల్చి చెట్టు నిద్రవోయినప్పుడు మాత్రం ఏమీ వెయ్యొద్దు. రెండు, మూడేండ్లకోసారి కుండీ నుంచి తీసి, చుట్టుకున్న వేర్లు కొన్ని కత్తిరించి, కొత్త మట్టిల పెట్టాలె.

మహారాష్ట్రల పుణె పక్కన పురందర్ అంజీర్‌కు పేరుంది. 2016ల భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి రైతులు కాపుకు ముందు కొన్నాళ్లు నీళ్లు ఆపి చెట్టును ఎండబెడ్తరు. కొమ్మలు కత్తిరించి, అప్పుడు ఎరువు, నీళ్లు ఇస్తరు. ఎండకాలం కాపును మీఠా బహార్, వానకాలం కాపును ఖట్టా బహార్ అంటరు. పేర్లల్లనే రుచి ఉంది. మన దగ్గర కూడా వానల వచ్చిన కాయ చప్పగుంటే ఎరువును తిట్టొద్దు.

నీళ్లు, తెగుళ్లు

కాయ మీదున్నప్పుడు నీళ్లు ఒక్క తీరుగ ఇయ్యాలె. నాలుగు రోజులు ఎండబెట్టి ఒకేసారి బకెట్లకు బకెట్లు పోస్తే కాయ పగుల్తది, పిందె రాల్తది. ఎండకాలం కుండీకి రోజూ పొద్దున నీళ్లు కావాలె. పాదుల ఎండాకు పరిస్తే తడి ఆగుతది.

వానకాలం ఆకు అడుగున గోధుమ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. రాలిన ఆకులన్నీ ఏరి కాలవెట్టాలె. నీళ్లు ఆకుల మీద కాకుండ మొదట్ల పొయ్యాలె. కాండానికి బొక్కవడి రంపపు పొట్టు రాలితే లోపల పురుగున్నట్టు. తీగ పెట్టి దాన్ని గుంజి, బొక్కను మట్టితోని మూయాలె. కొమ్మ కోసేటప్పుడు పాలు చర్మానికి అంటొద్దు. ఆ పాలమీద ఎండ తగిలితే బొబ్బలొస్తయ్. గ్లౌజులు వేసుకోవాలె. కాయ మెత్తబడి, మెడ వంగినంకనే తెంపాలె. పచ్చిది తెంపి బియ్యంల పెట్టినా పండదు.

పురుగు భయం

వేమన మేడిపండు పద్యం విన్నోళ్లకు అంజీర్ మీద కూడా అనుమానమే. రెండూ ఒక్క కుటుంబమే, కానీ మన ఇండ్లల్ల పెంచే అంజీర్ రకాలకు కందిరీగ అవసరం లేదు. పరాగం లేకుండనే కాయ పండుతది. విత్తనం సంగతి మాత్రం జాగ్రత్త. కొన్న ఎండు అంజీర్ గింజలు నాటితే మొక్క మొలువొచ్చు, కానీ అది తినే కాయ కాస్తదన్న నమ్మకం లేదు. కాసిన చెట్టు కొమ్మ తెచ్చి నాటుకునుడే మేలు. నర్సరీల కొంటే ఏ రకం, కొమ్మ నుంచి తీసిందేనా అని అడగాలె. జవాబు చెప్పనోళ్ల దగ్గర కొనొద్దు.

గొడ్డు చెట్టని గొడ్డలి తీసేటోళ్లు ఒక్క ఏడాది ఆగుండ్రి. ఎరువు బంద్ పెట్టి, నీడ చేసే పక్క కొమ్మలు తీసేసి, వచ్చే ఇగురును కొలిచి చూడుండ్రి. దీనికి పైసా ఖర్చు లేదు.